పిడికెడు బియ్యం

అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి వెనకాల ఉన్న రేకు డబ్బాలో వేసేది. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. ఆదివారం ఆ డబ్బా మందిరానికి పోయేది. ఆరాధన అయ్యాక అయ్యగారి ఇంటికి కొంత, మిగతాది వేలానికి. ఒక్కోసారి మా బియ్యం మేమే పాడుకుని తెచ్చుకునేవాళ్లం!

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటితే డోర్నకల్. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు వి.ఎస్. అజరయ్య పనిచేసింది అక్కడే. తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని, 1945లో చనిపోయేదాకా ఈ పల్లెల్లోనే తిరిగారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పూట గడవని వాళ్లను కానుక అడగడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన మాత్రం పేదవాడూ ఇవ్వగలడని నమ్మారు, ఇవ్వడం గురించి పుస్తకమే రాశారు. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యిగానే ఉండిపోవడం మనిషికి చిన్నతనం. అమ్మకు ఆ పుస్తకం సంగతి తెలియదు, ఈ సంగతి తెలుసు.

ఆజ్ఞలన్నిటిలో పెద్దదేదని అడిగితే యేసు చెప్పింది ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలోని మాట. దేవుణ్ణి హృదయంతో, ఆత్మతో, శక్తితో ప్రేమించమని అక్కడుంది. ఆ ‘శక్తి’కి పాత యూదు బోధకులు డబ్బు, ఆస్తి అని కూడా అర్థం చెప్పారు. హృదయం ఇచ్చేశానని పాట పాడటం తేలిక. బియ్యం దగ్గరికి వచ్చేసరికి పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.

నా సంగతే చెబుతాను. ఇప్పుడు నా కానుక నెలకోసారి ఫోన్‌లో పోతుంది. ఇచ్చినట్టు కూడా గుర్తుండదు. అమ్మకు రోజుకు రెండుసార్లు గుర్తొచ్చేది.

ఒకసారి ఇంట్లో సన్నబియ్యం, రేషన్ బియ్యం రెండూ ఉన్నాయి. నేను తెలివిగా రేషన్ సంచిలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేశాను. అమ్మ తిట్టలేదు. ఆ గింజలన్నీ చాటలోకి ఒంపి, మేం వండుకునే సంచిలోంచి మళ్లీ తీసింది. “మనం తినేదే ఆయనకు బిడ్డా” అంది.

మీ ఇంట్లో ఇప్పటికీ అలాంటి డబ్బా ఉంటే, ఈ ఆదివారం తీసుకెళ్లే ముందు ఒకసారి మూత తీసి చూడండి, ఏ బియ్యమో.