డోర్నకల్ స్తంభం మీద అరటిపువ్వు

మగ్గాల పని కోసం మన వైపు నుంచి ఓ కుటుంబం సూరత్ వచ్చి అమ్రోలిలో దిగిందనుకోండి. ఇంటాయనకు పని త్వరగానే దొరుకుతుంది. ఇబ్బందల్లా ఇల్లాలికే. కూరగాయల బండి దగ్గర ఉల్లిపాయను డుంగళీ అనాలని, బంగాళాదుంపను బటాకా అనాలని పక్కన నిలబడి ఎవరో ఒకరు చెప్పాలి. మా వీధిలో అలా చెప్పే పెద్దావిడను చూసినప్పుడల్లా నాకు వి.ఎస్. అజరయ్య గుర్తొస్తారు. ఊరూ ఉద్యోగమూ మారిన మనిషిని ఎలా నిలబెట్టాలో ఆయనకు బాగా తెలుసు. ముందుగా ఆ మార్పు ఆయన మీదికే వచ్చింది మరి.

అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగారు. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు ముందు వరుసలో ఉన్నారు. మనుషులు, డబ్బు, నిర్వహణ అన్నీ ఇక్కడివే కావాలన్నది ఆ సంఘం పట్టుదల. దాని తరఫున శామ్యూల్ పాక్యనాథన్ 1904లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. ఇతరులను వెళ్లమని చెబుతూ తాను కుర్చీలో కూర్చోవడం అజరయ్యకు మనస్కరించలేదు. 1909లో తానే బయల్దేరారు. అప్పటికి 35 ఏళ్లు. తెలుగు రాదు, ఇల్లు లేదు. మొదట్లో గుడారమే ఇల్లు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనకు వెన్నుదన్నుగా నిలిచారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే.

అంతకు రెండేళ్ల ముందే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను అడిగింది స్నేహం. త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, మాతో చెలిమి మాత్రం చేయలేదని నిండు సభలో అనగలిగారంటే అది ఎంత గుండె ధైర్యం!

డోర్నకల్‌లో ఆయన పనితనం నాకు ఎక్కువగా కనిపించేది శిక్షణ విషయంలో. పల్లెకు పంతులుగానో పాదిరిగానో వెళ్లబోయే మనిషి చదువుకోవడానికి వస్తే భార్యనూ వెంట రమ్మనేవారు. ఆమెకూ పాఠాలు చెప్పించేవారు. ఎందుకో ఆలోచించండి. ఆ కొత్త పల్లెలో భర్తకు అంతో ఇంతో గౌరవం ఉంటుంది. బావి దగ్గర నలుగురిలో నిలబడాల్సింది ఆమె. ఆమె నిలదొక్కుకోకపోతే ఆ కాపురం అక్కడ నిలవదు. ఇక పోషణ సంగతి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. కూలి చేసుకు బతికే ఇళ్లలో ఆ పిడికెడు చిన్నదేమీ కాదు. అలా పోగైన గింజలు సంఘం పనికి ఆసరా అయ్యాయి. డబ్బు పంపే చేయి ఎక్కడో సముద్రం అవతల కాకుండా పక్కింట్లోనే ఉంటే, కొత్తగా వచ్చిన మనిషికి ఊరు త్వరగా సొంతమవుతుంది.

ఇదే చూపు ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌లోనూ ఉంది. ఏళ్ల తరబడి సాగిన ఆ నిర్మాణం పూర్తయి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దూరం నుంచి చూస్తే మసీదు గుమ్మటాలు, మినార్లు. లోపలికి అడుగుపెడితే గుడి మండపాన్ని తలపించే స్తంభాలు. వాటి మీద తామర, ఉమ్మెత్త, అరటిపువ్వు. తామర ఈ దేశానిది. ఉమ్మెత్త మరణానికి గుర్తు. నా కన్ను మాత్రం అరటిపువ్వు దగ్గరే ఆగిపోతుంది. తోట ఉన్నవాళ్లకు తెలుసు, అరటి ఒక్కసారే గెల వేస్తుంది. గెల దించాక చెట్టు పని అయిపోతుంది. అప్పటికే దాని మొదట్లో పిలక లేచి ఉంటుంది. చావులోంచి వచ్చే బతుకును చెప్పడానికి పరాయి దేశపు బొమ్మేదీ వెతక్కుండా, మన పెరటి మొక్కను రాతికెక్కించడం గొప్ప ఎంపిక.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తెలుగు రాకుండానే వచ్చి, తిరిగి తిరునల్వేలికి పోకుండా, ఆ మట్టిలోనే కలిసిపోయారు.