తీర్పుల్లో బడిపిల్ల ఎక్కడ?

1954 మే నెలలో తొమ్మిది రోజుల తేడాతో రెండు దేశాల సుప్రీంకోర్టులు బడి తలుపు గురించి రెండు తీర్పులు చెప్పాయి. మే 17న అమెరికాలో బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. నల్లపిల్లలకి వేరే బడి, తెల్లపిల్లలకి వేరే బడి చెల్లదన్న ఆ తీర్పు ప్రపంచమంతా తెలుసు. మే 26న మన సుప్రీంకోర్టు బొంబాయి ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో చెప్పిన తీర్పు న్యాయవాదులకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, కథలు చదివినట్టు చదివాను. కథ చదివేటప్పుడు మనం అడిగే ప్రశ్నే అడిగాను: ఇందులో పిల్ల ఎక్కడుంది? ఆమె ఏమైనా మాట్లాడిందా?

ముందు మన కథ. 1954 జనవరి 6న బొంబాయి ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇంగ్లీషు మాధ్యమం తరగతుల్లో ఆంగ్లో ఇండియన్లనూ, ఆసియా సంతతి కాని పౌరులనూ తప్ప కొత్తగా ఎవర్నీ చేర్చుకోకూడదన్నది దాని సారాంశం. దేవలాలిలోని బార్న్స్ హైస్కూలుకి ఒక సైనికాధికారి కూతుర్ని తీసుకెళ్లాడు. ఒక డాక్టరు కొడుకుని తీసుకెళ్లాడు. ఉత్తర్వు చూపించి బడి ఇద్దర్నీ కాదంది. 1953 డిసెంబరు నాటికి ఆ బడిలో ఉన్న 415 మందిలో ఆంగ్లో ఇండియన్లు 212 మందే. అంటే పిల్లలు అప్పటికే కలిసి చదువుతున్నారు. విడదీయబోయింది ప్రభుత్వం.

ఆ అమ్మాయి ఇండియన్ క్రిస్టియన్. తమ ఇంటి భాష ఇంగ్లీషేనన్నాడు తండ్రి. అయినా చోటు లేదు. భాష పేరుతో వచ్చిన ఉత్తర్వు నిజానికి కొలిచింది పుట్టుకని. దేశభాషలను పెంచడమే తమ ఉద్దేశమని ప్రభుత్వం వాదించింది. ఉద్దేశం ఎంత గొప్పదైనా, పిల్లను గుమ్మం దగ్గర ఆపడానికి చూపిన తక్షణ కారణమేమిటన్నదే ముఖ్యమంది కోర్టు. 29(2) అధికరణం ప్రతి పౌరుడికీ చెందుతుందని చెప్పి ఉత్తర్వును కొట్టేసింది. 'మీ మంచికే' అంటూ గుమ్మంలో ఆపేసే మాటను ఆడవాళ్లం తరతరాలుగా వింటున్నాం. ఆ మాట ఇక్కడ చెల్లలేదు. అందుకే ఈ తీర్పంటే నాకిష్టం. కానీ ఆ అమ్మాయి మనసులో ఏమైందో ఇందులో ఒక్క వాక్యం లేదు.

బ్రౌన్ తీర్పులో మనసుంది. వేరుచేయడం నల్లపిల్లల గుండెల్లో తాము తక్కువన్న భావం నాటుతుందని, అది ఎప్పటికీ మాన్పలేని గాయం కావచ్చని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అన్నారు. ఇంటి దగ్గర బడి ఉండగా దూరపు బడికి బస్సులో పోవలసి వచ్చిన లిండా బ్రౌన్ అనే చిన్నపిల్ల దీని వెనక ఉంది. బొమ్మల పరీక్షలూ ఉన్నాయి. నల్లపిల్లల ముందు నల్లబొమ్మనీ తెల్లబొమ్మనీ పెట్టి, ఏది మంచిదని అడిగిన ఆ పరిశోధనకు మూలం 1939లో మేమీ క్లార్క్ రాసిన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం. తీర్పులోని ప్రసిద్ధమైన పదకొండో పాదసూచికలో మాత్రం ఆమె భర్త కెన్నెత్ క్లార్క్ పేరుంది, ఆమె పేరు లేదు. పిల్లల గాయాన్ని కనిపెట్టిన స్త్రీకి, ఆ గాయాన్ని గుర్తించిన తీర్పులో చోటు దొరకలేదు.

ఇంకో స్త్రీ ఈ తీర్పును మెచ్చుకోలేదు. 1955లో జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి ఒక పత్రికకు ఉత్తరం రాసింది. నన్ను దగ్గరికి రానివ్వనివాళ్ల పక్కన కోర్టు ఆజ్ఞతో కూచుంటే నాకు ఒరిగేదేమిటని అడిగింది. నల్లవాళ్ల బడులు తక్కువవని ఒప్పుకోవడమే ఆమెకు అవమానంగా తోచింది. తర్వాత జరిగింది చూస్తే ఆ కోపాన్ని తీసిపారెయ్యలేం. బడులు కలిపినప్పుడు మూతపడ్డవి ఎక్కువగా నల్లవాళ్లవే. వేలమంది నల్ల ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు.

హర్‌స్టన్ ప్రశ్న మన ఊరిదీ. భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం బడి తెరిచాడు. అదీ వేరే బడే. కానీ వెలివేసి కట్టిన గోడా, వెలివేసినప్పుడు తలదాచుకోవడానికి కట్టుకున్న గోడా ఒకటి కావు. ఈ తేడాను పట్టుకోకుండా 'వేరు' అన్న మాటను విమర్శించలేం.

నాంపల్లి స్టేషన్లో దిగి అబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీ దాకా నడవండి. 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, పెద్దింటి ఆడపిల్లల కోసం 1907లో పెట్టిన మహబూబియా, చాపెల్ రోడ్డులో స్టాన్లీ, ఇంకా కాన్వెంట్లు, సర్కారు బడులు. ఎవరు రాకూడదో ఏ గోడ మీదా రాసి ఉండదు. ఆ పని ఫీజు చేస్తుంది, మాధ్యమం చేస్తుంది, తల్లి ఏం చదివిందన్న ప్రశ్న చేస్తుంది. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురి కోసం ఈ చుట్టుపక్కలి ఒక బడికి నేను తోడు వెళ్లాను. "తల్లికి ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో ఎవరు చెప్తారమ్మా?" అన్నారు. పిల్ల పేరు కూడా అడగలేదు.

విద్యాహక్కు చట్టం 2009 ఇలాంటి వడపోతను నిషేధించింది. ప్రైవేటు బడుల్లో, మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనకబడ్డ పిల్లలకివ్వాలంది. 2012లో సుప్రీంకోర్టు ఎయిడ్ లేని మైనారిటీ బడుల్ని దాన్నించి మినహాయించింది. 2014 మే 6న ప్రమతి కేసులో ఎయిడ్ ఉన్న మైనారిటీ బడుల్నీ బయటపెట్టింది. మినహాయించింది 25 శాతం నించే కాదు, మొత్తం చట్టం నించి. ప్రవేశానికి పరీక్ష పెట్టకూడదన్న సెక్షనూ, పిల్లల్ని కొట్టకూడదన్న సెక్షనూ అందులోవే. అబిడ్స్‌లో పేరున్న బడులు చాలావరకు మైనారిటీ యాజమాన్యాలవని గుర్తుపెట్టుకుంటే ఈ ఒక్క వాక్యం బరువు తెలుస్తుంది. మిగిలిన ప్రైవేటు బడుల్లోనూ తెలంగాణలో ఆ 25 శాతం ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది.

మైనారిటీల హక్కును తేలిగ్గా తీసుకోమనడం లేదు. తమ బడి తమ చేతిలో లేకపోతే ఏమవుతుందన్న భయం నిజమైనది. ఆ బడులే లేకపోతే గడప దాటని ఆడపిల్లలు ఎందరో. నా విమర్శ వేరు. ప్రమతి తీర్పులో బడి స్వభావం ఉంది, యాజమాన్యం హక్కు ఉంది. 1954లో కనీసం గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల, అరవై ఏళ్లకు కథలోంచే మాయమైంది. పదిమంది పేదపిల్లలు చేరితే స్వభావం ఎలా మారుతుందో, కొట్టొద్దంటే ఏ మైనారిటీ హక్కు పోతుందో ఆ తీర్పు వివరించదు. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతిని సందేహించింది, పెద్ద ధర్మాసనం పరిశీలించాలంది. ఆ పరిశీలనలోకైనా పిల్ల తిరిగి రావాలి.

కోర్టులు రాయని ఆ పిల్లను మన రచయిత్రులు రాశారు. కూతురు జోగిని కాకూడదని ఊరిని ఎదిరించి, దూరంగా హాస్టల్లో చేర్చిన తండ్రి కథ గోగు శ్యామల రాసింది. అక్కడ బడంటే సీటు కాదు, ప్రాణం. 2003లో ఆమె సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నించి దళిత స్త్రీలు చేసిన రచనల్ని ఒకచోట చేర్చింది. అక్షరాన్ని చేజిక్కించుకున్నవాళ్ల పుస్తకమది. దాన్ని తీర్పుల పక్కన పెట్టి చదవాలి, న్యాయ విద్యార్థులకూ చదివించాలి. తలుపు తియ్యమని కోర్టు చెప్పగలదు. ఆ తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డామో చెప్పగలిగింది నిలబడ్డవాళ్లే.