ఇంట పుట్టిన దూడ

ఈ వారము నాకు కోపము తెప్పించినవి పది గంటలు. టెక్సాసులోనున్న మేనల్లుడు ఫోనుచేసి, "మామా, ఇన్నాళ్ళకు సొంత విమానం కొన్న్యా, పది గంటలు తాను పక్కన కూర్చోనిదే ఒంటిగా పోనీనంటాడు మా గురువు" అని వాపోయెను. వాడు కొన్నది ఆర్‌వీ-6. అనగా పెట్టెలలో వచ్చిన రేకులను ఎవ్వరో ఒక గృహస్థుడు ఏండ్ల తరబడి తన గరాజులో రివెట్లతో కూర్చి నిలిపిన రెండు సీట్ల విమానము. సెస్నా 172లో మూడువందల గంటలు తిరిగినవానికి మరల ఓనమాలా యని, ధ్రువపత్రములతో నాకుగల చిరవైరము నెరిగిన పాఠకులు ఊహింపగలిగినట్లే, మా సదుం ఇంటి అరుగుపై కూర్చుండి ఆ మహానుభావుని నోరార తిట్టితిని.

తిట్టిన పిదప చదువుట నా అలవాటు. సెస్నా నిదానమైనది, తప్పుచేసినను దిద్దుకొనుటకు వ్యవధి నిచ్చును. ఆర్‌వీ యట్లుగాదు, వ్రేళ్ళ కొనలతో కర్రను కదల్చిన చాలును, రెక్క వంగిపోవును. తోకచక్రము గలదగుటచే నేలపై నేమరిన గిర్రున తిరుగబోవును. అమెరికా విమానయాన శాఖవారు 2011లో వెలువరించిన 90-109 సంఖ్యగల సలహాపత్రము ఇట్టివానిని పేరునుబట్టి గాక నడతనుబట్టి విభజించినది: చేయి తగిలినంతనే తిరుగునవి, ఇంజను తగ్గించినంతనే వేగముడిగి దిగజారునవి, తగ్గించినను వేగము విడువక జారుచునే పోవునవి. ఆ విమానములోనో, అది దొరకనిచో అట్టి నడతగల మరొకదానిలోనో, తెలిసినవాని ప్రక్కన కూర్చుండి నేర్వుమని దాని సారాంశము.

నడత యన్న మాటతో నాకు పుంగనూరు సంత జ్ఞప్తికి వచ్చినది. నా చిన్ననాట మా నాయన అచ్చట ఎద్దును కొన్నప్పుడు, అమ్మినవాడు పగ్గము నూరక చేతిలో పెట్టలేదు. "ఇది దాపటి ఎద్దు సామీ, వలపట కట్టబాకండి. వంకలో నీళ్ళుంటే నిలబడిపోతుంది, కొట్టబాకండి, పేరుపెట్టి పిలవండి, వస్తుంది" అని చెప్పి, ఒక్కసారి దాని వీపు నిమిరి, అప్పుడు పగ్గము వదలెను. నాయన దానిని సదుమువరకు నడిపించుకొని వచ్చి, వారముదినములు కాడి మోపక మేపి, పిదప మెత్తని దుక్కిలో పాత యెద్దుతో జతగట్టెను. దాపటి యెద్దును వలపట కట్టినచో, కాడి యదే, నేల యదే, ఎద్దునకు మాత్రము లోకము తలక్రిందగును. రైటు సోదరుల తొలినాటి విమానములలో రెండు సీట్ల నడుమ రెక్కలను వంచు మీట యొక్కటే యుండుటచే, ఒక ప్రక్క కూర్చుండి నేర్చినవానికి రెండవ ప్రక్క చేయి తడబడెడిది. పైలట్లలోను దాపటివారు, వలపటివారు ఏర్పడిరి.

1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరమున సముద్రములో కూలి మరణించినది ఇట్లు కొన్న లాంగ్-ఈజీ విమానములోనే. ఒక ట్యాంకునుండి మరొకదానికి ఇంధనము మార్చు పిడిని, దాని కట్టినవాడు రూపకర్త చూపిన చోట గాక పైలటు ఎడమభుజము వెనుక నమర్చెను. దాని నందుకొనుటకు వెనుకకు తిరిగినప్పుడు కుడికాలు రడ్డరు పెడలును త్రొక్కియుండునని విచారణలో తేలినది. ముందునాడాయనకు ఆ విమానముతో జరిగిన పరిచయము సుమారు అరగంట! 2011లో అమెరికాలో ప్రమాదముల పాలైన ఇంటికట్టుబడి విమానములలో సగమునకు మించి చేతులుమారినవేయని అచ్చటి రవాణాభద్రతా మండలి మరుసటి యేడు తేల్చినది. కావున కొన్నవాడే నేర్వవలెను, ప్రతి రివెట్టును తానే బిగించినవానికి గురువెందుకు, అని ఈ శీర్షికను ముగింపబూనితిని.

కాని ఆ మండలివారి పరిశీలనయే నా కలము నాపినది. కొత్తగా కట్టిన విమానముల ప్రమాదములును తొలి గంటలయందే మెండు. గరాజులో రేకులకు రంధ్రములు వేయుచు గడపిన యేండ్లలో, డబ్బును తీరికయు దానికే వ్యయమై, ఎగురు చేయి తుప్పుపట్టును. తాను కట్టినదానిని తానెరుగనా యను ధీమా మాత్రము రివెట్టు రివెట్టునకు పెరుగును.

సంతలో కొన్న ఎద్దువలన మా ఇంట నెవ్వరికి హాని కలుగలేదు. నాయన భుజము విరిచినది ఇంట పుట్టిన దూడ. "నా చేతుల్లో పుట్టినోడికి నేర్పేదేంది?" అని, దూడలను మాలిమి చేయు పొరుగు పెద్దను పిలువక, మొదటినాడే చెనిక్కాయల బండికి కట్టెను. చెరువుకట్ట మలుపులో బండి పల్లమునకు దొర్లెను. ఎద్దును కొన్నప్పుడు నాయన అడిగి తెలిసికొనెను. దూడను కట్టినప్పుడు అడుగవలె నని ఆయనకు తోచలేదు.

నిన్న మేనల్లునికి ఫోనుచేసి, ఆ విమానమును కట్టిన పెద్దమనిషి తొలిసారి ఎగురకముందు ఎవ్వరియొద్ద నేర్చెనో కనుక్కొమ్మంటిని.

"అడిగినా మామా. ఈ గురువు దగ్గరేనంట. పది గంటలు."

ఆ గురువును తిట్టిన తిట్లన్నియు వెనుకకు దీసికొనుచున్నాను. ధ్రువపత్రములతో వైరము యథాతథము.