పాకీ అంటే మాకు రెండర్థాలు

మా ఇంట్లో పాకీ అంటే శుభ్రత. నమాజుకు నిలబడబోయే ముందు బట్టలు పాక్‌గా ఉన్నాయా అని అమ్మీ అడిగేది. బడికి పోయాక ఇదే మాట తెలుగులో విన్నాం. అక్కడ పాకీ అంటే దొడ్లు ఎత్తే మనిషి. మాట మాత్రం మా ఉర్దూలోంచి పోయిందే. పోయే దారిలో శుభ్రత జారిపోయి, శుభ్రం చేసేవాడికి అది తిట్టుగా మిగిలింది. ఈ తప్పు తెలుగుదేనని చాన్నాళ్లు అనుకున్నాం.

మా ఇళ్లలో తహారత్ నేర్పింది మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ‘బెహిష్తీ జేవర్’. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆడపిల్లల కోసం రాసిన పుస్తకం. అలీఫ్ బే అక్షరాలతో మొదలవుతుంది. పెళ్లికూతురి సామానులో పెట్టి పంపేవారు. ఈమధ్య దాన్ని ఫిఖ్ కోసం కాక, ఒక రచనగా మళ్లీ చదివాం.

చదివితే ముందు కనపడేది దాని నిదానం. కంటికి కనపడే నజాసత్ అయితే అది పోయేదాకా కడగాలి. ఆ తర్వాత కూడా మరకో వాసనో మిగిలితే ఫర్వాలేదు. మూత్రంలా ఎండితే కనపడనిదైతే మూడుసార్లు కడిగి మూడుసార్లూ పిండాలి, చివరిసారి బలంకొద్దీ. వానాకాలం దారి బురద చిందితే మాఫీ. భయపెట్టడానికి రాసిన మాటలు కావివి. పదిసార్లు చేతులు కడుక్కునే చాదస్తాన్ని తగ్గించడానికి రాసినవి.

ఇక జూఠా మస్లాలు. మనిషి ఎంగిలి పాక్. ముస్లిం అయినా కాకపోయినా, బహిష్టులో ఉన్నా, గుసుల్ బాకీ ఉన్నా పాకే. బహిష్టులో ఉన్న హజ్రత్ ఆయిషా తాగిన గిన్నెలో, ఆమె పెదవి ఆనించిన చోటే ప్రవక్త పెదవి ఆనించి తాగారని హదీసు. వజూనీ మడినీ ఒకే గాటన కట్టేసే మా సెక్యులర్ మిత్రులు ఈ ఒక్క సంగతి చూడాలి. ఎదుటి మనిషి తాకితే మడి పోతుంది. హనఫీ ఫిఖ్‌లో ఎవర్ని తాకినా వజూ పోదు. ఎక్కువగా మన ఒంట్లోంచి వచ్చేదాంతోనే పోతుంది. ఎంగిలి అన్న మాట చుట్టూ ఎన్ని వెలివేతలున్నాయో తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఆగిపోతే బాగుండేది. మేమూ రొమ్ము విరుచుకుని తిరిగేవాళ్లం. కానీ అదే పుస్తకంలో నికా సంబంధాల దగ్గర కుఫూ మస్లాలున్నాయి. ఎవరికెవరు జోడో చెప్పే చోటు. పేషా లెక్కన జులాహాలు దర్జీలకు జోడు కారట. నాయీ, ధోబీలు కూడా దర్జీలకు సాటి రారట. మూడు నీళ్లతో గుడ్డ పాకైంది, ఆ గుడ్డను కడిగి పిండిన చేతులు మాత్రం సాటి కాకుండా పోయాయి. ఎంగిలి పాక్ అన్న కలమే ఇదీ రాసింది. మౌలానా మీద గౌరవంతోనే అంటున్నాం, ఈ రెండు చోట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మా పెద్దలు రెండోదాన్ని గట్టిగా పట్టుకుని మొదటిదాన్ని పిల్లల పరీక్షకు వదిలేశారు.

ఇస్లాంలో కులం లేదు అంటారు. నిజమే, గ్రంథంలో లేదు. బీసీ జాబితా తిరగేయండి, ‘ఎ’ గ్రూపులో మెహతర్ (ముస్లిం) కనపడతారు. 2007 చట్టం తెచ్చిన ‘ఇ’ గ్రూపులో ధోబీ ముస్లిం, ఆ వెంటనే తురక చాకలి. ప్రభుత్వానికి తెలిసింది మా షరీఫులకు తెలియదా?

మేం ఉండేది మాదాపూర్. పక్కనే దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. పెద్ద నీటికి ఫిఖ్ పెట్టే పరీక్ష రంగు, రుచి, వాసన. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడ లేచిన అద్దాల మేడలు, కాలనీల మురుగు కలిసి ఏళ్ల తరబడి చెరువు ఆ పరీక్షలో తప్పింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మురుగునీటినే శుద్ధి చేసి ఫ్లష్‌కు, మొక్కలకు వదులుతున్నారు. ఆ తుంపర పడితే బట్టలు నాపాక్ అవుతాయా అని మసీదు మెట్ల మీద వాదన. రంగూ రుచీ వాసనా తిరిగి మామూలైతే ఆ నీళ్లు పాకేనని, వజూకూ పనికొస్తాయని సౌదీ పెద్ద ఉలమాల మండలి 1978లోనే తేల్చింది. నీళ్ల సంగతి తేలింది.

మొన్న జుమ్మాకు ఆ మురుగు శుద్ధి చేసే చోట పనిచేసే కుర్రాడొచ్చాడు. గుసుల్ చేసి, ఉతికిన కుర్తా తొడుక్కుని, అత్తరు రాసుకుని. సఫ్‌లో అతని కుడిపక్కన మనిషి పట్టేంత ఖాళీ వదిలేశారు. సఫ్ కలిపి నిలబడండని ఇమాం రెండుసార్లు చెప్పాడు. వెనక వరసలోంచి ఒక ముసలాయన మోకాలు పట్టుకుని లేచి ముందుకు జరిగి ఆ ఖాళీలో నిలబడ్డాడు. మేం ఆయనకన్నా దగ్గరే ఉన్నాం. కదల్లేదు.