సమాధిలోని అంకవన్నె: అవార్ ఆశ్వికుల అవశేషాలపై విమర్శ

ఆసియా పచ్చిక మైదానాల నుంచి పడమటికి తరలివచ్చిన అవార్ల దూతలు క్రీ.శ. 558లో కాన్‌స్టాంటినోపుల్‌లోని జస్టీనియన్ చక్రవర్తి కొలువులో తొలిసారి కనిపించారు. పదేళ్లు తిరిగేసరికి, 568లో, బయాన్ ఖగాన్ నాయకత్వంలో నేటి హంగేరీ కేంద్రంగా ఉన్న కార్పాథియన్ మైదానంలో స్థిరపడ్డారు. 791లో మొదలైన షార్లమేన్ దండయాత్రలు వారి రాజ్యాన్ని కూల్చేదాకా అక్కడే ఏలారు. ఈ రెండు శతాబ్దాలకు పైబడిన కాలంలో అవార్లు తమను గురించి తాము రాసుకున్న చరిత్ర ఏదీ మిగలలేదు. వారిని గురించి రాసినవారు బైజాంటియం రచయితలు, ఫ్రాంకుల వార్షిక వృత్తాంతకారులు. అనగా, ఎక్కువగా వారి చేతిలో దెబ్బతిన్నవారు, లేదా వారిని దెబ్బతీసినవారు. అవార్ల పక్షాన సాక్ష్యం చెప్పేవి సమాధులు మాత్రమే. అవి పదుల వేల సంఖ్యలో వెలికివచ్చాయి.

ఆ సమాధులలో దొరికిన వస్తువులన్నింటిలోకీ ఎక్కువ వాదప్రతివాదాలకు కారణమైనది ఒక చిన్న ఇనుప వస్తువు. అది రౌతు పాదం మోపే మెట్టు. తెలుగులో దీనికి అంకవన్నె అని పాత పేరు. అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చిన ‘రికాబు’ అనే మాట తరువాత వాడుకలోకి వచ్చింది. యూరపులో నిర్ద్వంద్వంగా కాలం నిర్ణయించదగిన తొలి ఇనుప అంకవన్నెలు అవార్ల సమాధులలోనే దొరికాయి. ఈ ఒక్క విషయాన్ని ఆధారం చేసుకుని గత శతాబ్దంలో ఎంత పెద్ద భవనాలు కట్టారో, వాటి పునాదులు ఎంత లోతున ఉన్నాయో పరిశీలించవలసిన అవసరం ఉంది.

ముందుగా ఆ వస్తువుల సంగతి. సంపన్నుడైన అవార్ ఆశ్వికుని సమాధిలో మనిషి పక్కనగానీ, వేరొక గోతిలోగానీ గుర్రాన్ని పాతిపెట్టేవారు. డాన్యూబ్‌కు పడమటి ప్రాంతంలో సాధారణంగా గుర్రాన్ని పూర్తిగా, తరచు సాజుతో సహా ఖననం చేశారు. తీసా నదికి తూర్పున మాత్రం తల, కాళ్లు విడవకుండా ఒలిచిన చర్మాన్ని సమాధిలో ఉంచే ఆచారం కనిపిస్తుంది. నేడు మిగిలేవి పుర్రె, గిట్టల ఎముకలు మాత్రమే. దవడల మధ్య రెండు తునకలుగా కీలు వేసిన ఇనుప కళ్లెం, దానికి ఇరువైపులా కొమ్ముతోనో ఇనుముతోనో చేసిన చెంపకడ్డీలు ఉంటాయి. తలపట్టీల మీద, రొమ్ముపట్టీ మీద, తోకకింది వారు మీద పలుచని వెండి లేదా కంచు రేకును అచ్చుపై ఒత్తి తీసిన బిళ్లలు వరుసలుగా కనిపిస్తాయి. తొలికాలపు అంకవన్నె గుండ్రంగా ఉండి, వారు దూర్చడానికి పైన పొడవైన చెవిగానీ, ఇనుప కడ్డీనే మెలిపెట్టి చేసిన ఉచ్చుగానీ కలిగి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ పాదం ఆనే భాగం చదునై, ఎనిమిదో శతాబ్దానికి దాని రూపమే మారింది.

ఈ సామగ్రి అవార్లదేనని గుర్తించడం కూడా ఒక చరిత్రే. 1874లో హంగేరియన్ పండితుడు ఫెరెన్స్ పుల్స్కీ కునాగోతా, సెంతెంద్రె మొదలైన చోట్ల దొరికిన వస్తువులను వాటితోపాటు లభించిన బైజాంటియన్ నాణేల సాయంతో అవార్ యుగానికి చేర్చాడు. నాణెం లేకుంటే ఆ ఇనుము ఏ జాతిదో, ఏ శతాబ్దానిదో చెప్పే మార్గమే ఆనాడు లేదు. అయితే నాణెం ముద్రించిన సంవత్సరం వేరు, సమాధిలో పడిన సంవత్సరం వేరు. ఒక బంగారు నాణెం రెండు మూడు తరాల చేతులు మారి మట్టిలో చేరవచ్చు. నాణెం చెప్పేది ‘ఇంతకు ముందు కాదు’ అన్నంతవరకే. తొలి అవార్ అంకవన్నెల కాలంపై ఏళ్ల తరబడి నడిచిన వివాదమంతా ఈ చిన్న తేడా చుట్టూ తిరిగినదే.

1962లో అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ మధ్యయుగ సాంకేతిక విజ్ఞానంపై ప్రకటించిన గ్రంథంతో ఈ ఇనుపముక్క ప్రపంచ చరిత్రలోకి ప్రవేశించింది. హైన్రిష్ బ్రున్నర్ అనే జర్మన్ న్యాయచరిత్రకారుడు 1887లోనే ఫ్యూడల్ వ్యవస్థ పుట్టుకను ఎనిమిదో శతాబ్దపు ఫ్రాంకుల అశ్వికదళంతో ముడిపెట్టాడు. అయితే ఆ సమయంలోనే అశ్వికదళానికి అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు వైట్ జవాబు చెప్పాడు. అంకవన్నె రౌతునూ గుర్రాన్నీ ఒక్క శరీరంగా బిగించింది. చంకలో ఇరికించిన ఈటె వెనుక గుర్రం వేగమంతా నిలిచింది. అలాంటి యోధుని పోషణకు భూమి కావలసివచ్చింది. చార్లెస్ మార్టెల్ చర్చి భూములను లాక్కుని యోధులకు పంచాడు, ఫ్యూడలిజం పుట్టింది. ఇదీ వాదం. చదువుతుంటే కళ్లు చెదిరే వరుస అది. ఒక గొలుసులోని కడియాల్లా ఒక్కొక్క కారణం మరొకదాన్ని లాక్కొస్తుంది.

మరుసటి ఏడాదే పీటర్ సాయర్, రాడ్నీ హిల్టన్ దీనిని సాంకేతిక నియతివాదంగా విమర్శించారు. 1970లో బెర్నార్డ్ బాకరాక్ చార్లెస్ మార్టెల్ యుద్ధాలను పరిశీలించి, వాటిలో అశ్వికదళం పాత్రకన్నా కోటల ముట్టడుల పాత్రే పెద్దదని చూపాడు. ఎనిమిదో శతాబ్దపు ఫ్రాంకు సమాధులలో అంకవన్నెలు బహు అరుదు అన్నది కూడా ప్రతివాదుల చేతిలో బలమైన ఆయుధమైంది.

ఉభయపక్షాల వాదనా ఇక్కడే జారిపోతుంది. క్రైస్తవ ఆచారం బలపడినకొద్దీ ఫ్రాంకులు మృతులతో వస్తువులు పాతిపెట్టడం మానివేశారు. ఎనిమిదో శతాబ్దానికి గాల్ ప్రాంతపు సమాధులు దాదాపు ఖాళీ. అదే కాలంలో డాన్యూబ్ తీరాన అవార్లు గుర్రంతో సహా సమస్తం సమాధిలో పెడుతున్నారు. కనుక పటంపై తూర్పున ఒత్తుగా, పడమట పలుచగా కనిపించే అంకవన్నెల చుక్కలు స్వారీ చరిత్రను ఎంత చెబుతాయో, అంత్యక్రియల చరిత్రనూ అంతే చెబుతాయి. లేనిదానికీ, పాతిపెట్టనిదానికీ తేడా చూడకపోతే అవార్ల ఆడంబరమే వారి ఆధిక్యంగా, ఫ్రాంకుల నిరాడంబరతే వారి అజ్ఞానంగా లెక్కకు వస్తుంది. వైట్ ఈ చిక్కును ఎరుగనివాడు కాదు. ఎరిగి కూడా, తన గొలుసు తెగకుండా ఉండడానికి అవసరమైనంత మేరకే దానిని అంగీకరించాడని చెప్పక తప్పదు.

భారతీయ పాఠకులకు ఈ అసమానత మరింత స్పష్టంగా తెలుస్తుంది. సాంచీ శిల్పాలలో క్రీస్తుకు పూర్వపు శతాబ్దంలోనే రౌతు బొటనవేలు దూర్చుకునే చిన్న ఉచ్చు కనిపిస్తుంది. వైట్ తన గ్రంథంలో దానిని అంకవన్నెకు పూర్వరూపంగా పేర్కొన్నాడు. కానీ అది శిల్పసాక్ష్యం. ఆ ఉచ్చు ఏ దారంతో, ఏ తోలుతో చేసినదో మట్టి మనకు చెప్పదు. నాగపూర్ సమీపాన మహూర్‌ఝరీ, నైకుండ్ వంటి చోట్ల ఇనుపయుగపు బృహచ్ఛిలా సమాధులలో ఇనుప కళ్లేలతో, రాగి ముఖాలంకారాలతో గుర్రాల అవశేషాలు దొరికాయి. అక్కడ అంకవన్నె లేదు. చైనాలోని ఛాంగ్‌షాలో క్రీ.శ. 302 నాటి సమాధిలో దొరికిన మట్టిబొమ్మ గుర్రానికి ఎడమవైపు మాత్రమే ఒక అంకవన్నె ఉంది. లియావోనింగ్‌లో 415లో మరణించిన ఫెంగ్ సుఫు సమాధిలో కొయ్యకు బంగారు పూత వేసిన కంచు రేకు తొడిగిన జత దొరికింది. ఒకచోట రాతిబొమ్మ, ఒకచోట మట్టిబొమ్మ, ఒకచోట అసలు వస్తువు. వీటిని ఒకే కొలబద్దపై తేదీల వరుసగా నిలబెట్టి, ఎవరు ముందు, ఎవరు వెనుక అని తీర్పు చెప్పడం సాహసమే.

ఛాంగ్‌షా బొమ్మకు ఒక్కవైపే అంకవన్నె ఉండడంలో మరొక ముఖ్యమైన సూచన ఉంది. అది ఎక్కడానికి మెట్టు, స్వారీలో ఊతం కాదు. మాటలు కూడా ఇదే చెబుతాయి. జర్మన్‌లోనూ, పాత ఇంగ్లీషులోనూ అంకవన్నెకున్న పేరు ‘ఎక్కడం’ అనే ధాతువు నుంచే వచ్చింది. మారిస్ చక్రవర్తి (582–602) పేరిట ప్రసిద్ధమైన బైజాంటియన్ యుద్ధశాస్త్ర గ్రంథం స్ట్రాటెజికాన్‌లో దీనికి వాడిన గ్రీకు మాటకు అర్థం నిచ్చెన, మెట్టు. అవార్ సమాధులను వ్యాఖ్యానించేవారంతా ఉదహరించే గ్రంథమిది. అందులో జీనుకు రెండు ఇనుప అంకవన్నెలు ఉండాలని ఉన్నది నిజమే. కానీ శ్రద్ధగా చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. ఆ గ్రంథకర్త నడుమ తోలుపట్టీ గల ఈటెను, మెడపట్టీని, గుర్రం రొమ్ముకు వేసే కవచాన్ని, అంగీని, చివరకు గుడారాన్ని కూడా అవార్ల పద్ధతిలో ఉండాలని పేరుపెట్టి చెబుతాడు. అంకవన్నెల దగ్గరకు వచ్చేసరికి అవార్ల ప్రస్తావన లేదు! అంతేకాదు, యుద్ధరంగంలో గాయపడినవారిని మోసుకువచ్చే పరిచారకుల గుర్రాలకు రెండు అంకవన్నెలూ ఎడమవైపే ఉండాలని, ఒకటి పరిచారకుడు ఎక్కడానికి, మరొకటి గాయపడినవాడు ఎక్కడానికి అని ఆ గ్రంథం నిర్దేశిస్తుంది. ఫ్యూడలిజానికి తల్లిగా కీర్తి పొందిన వస్తువు తొలి లిఖిత సాక్ష్యంలో క్షతగాత్రులకు నిచ్చెనగా దర్శనమివ్వడం ఆసక్తికరం.

తిరిగి సమాధులకు వస్తే, తొలి అవార్ కాలపు అంకవన్నెలలో గణనీయమైన భాగం గుర్రం మీద కూడా లేదు. సమాధికి ఎడంగా తవ్విన నిస్సారపు గుంటలలో ఈటె మొనలు, కళ్లేలు, అంకవన్నెలు కాలిన స్థితిలో గుట్టగా దొరుకుతాయి. మృతుని గౌరవార్థం అగ్నిలో వేసి, ఆ తరువాత పూడ్చిన వస్తువులివి. కొన్నిచోట్ల జత కాక ఒక్కటే లభిస్తుంది. స్త్రీల సమాధులలోనూ అప్పుడప్పుడు గుర్రం ఉంటుంది. బలటాన్ సరస్సు దక్షిణ తీరాన జమార్దిలో రెండు వేలకు పైగా సమాధులు తవ్వారు. అంతటి శ్మశానంలోనూ సాజుతో గుర్రం దక్కినవారు కొద్దిమందే. అవార్ పురుషులందరూ రౌతులన్న ప్రచారానికి ఆ శ్మశానం సమ్మతించదు. ఫ్లోరిన్ కుర్తా 2008లో ఈ వివాదాన్ని పునఃపరిశీలిస్తూ అంకవన్నెలను అవి దొరికిన సందర్భంలో ఉంచి చూడడం ఈ కారణంగానే విలువైన పని. వస్తువును సందర్భం నుంచి ఊడదీసి ఆకారాన్ని బట్టి వరుసలు పేర్చిన పాత పద్ధతిలో కాలిన అంకవన్నె, కాలని అంకవన్నె ఒకే గడిలో కూర్చునేవి.

వాటిని చేసినవారి మాట కూడా ఈ చర్చలలో అరుదుగా వినిపిస్తుంది. 1928లో కున్‌సెంత్‌మార్తోన్‌లో బయల్పడిన ఒక స్వర్ణకారుని సమాధిలో పనిముట్లతోపాటు రేకులు ఒత్తే అచ్చులు, బైజాంటియన్ తూకపు రాళ్లు, త్రాసు ఉన్నాయి. బైజాంటియం నుంచి ఏటా అవార్లకు చెల్లించిన కప్పం 80 వేల బంగారు నాణేలతో మొదలై, 598 నాటి సంధితో లక్షా 20 వేలకు పెరిగింది. గుర్రపు తలపట్టీపై మెరిసే బిళ్లలలో పచ్చిక మైదానపు వారసత్వంతోపాటు శత్రువు ఖజానా, సరిహద్దుకు ఇరువైపులా తెలిసిన పనితనం కలిసి ఉన్నాయి. దానిని ఒక్క జాతి ముద్రగా చదవడం కుదరదు.

కుదరకపోయినా చదివారు. 1970 ప్రాంతంలో ద్యూలా లాస్లో ప్రతిపాదించిన ‘జంట ఆక్రమణ’ సిద్ధాంతం ప్రకారం 670 ప్రాంతంలో వచ్చిన కొత్త ప్రజలు హంగేరియన్ల తొలి తరంగం. సమాధులలో నడికట్టు అలంకారాలు గండభేరుండాన్ని తలపించే రెక్కల మృగాలుగా, తీగలుగా మారడం ఇందుకు ఆయన చూపిన ప్రధాన ఆధారాలలో ఒకటి. లాస్లో గొప్ప పండితుడు, స్వయంగా చిత్రకారుడు. సమాధిలోని చెల్లాచెదురు ముక్కల నుంచి జీనునూ నడికట్టునూ తిరిగి నిలబెట్టడంలో ఆయనకు సాటివచ్చేవారు తక్కువ. కానీ నడికట్టు మారితే మనిషి మారాడనడానికి వీలులేదు. అత్యధిక పురావస్తువేత్తలు ఆ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు.

ఇటీవలి జన్యు పరిశోధనలు ఈ చర్చకు కొత్త మలుపు తెచ్చాయి. 2022లో వెలువడిన అధ్యయనం ఏడో శతాబ్దపు అవార్ ప్రభువర్గం మంగోలియా ప్రాంతపు రౌరాన్ రాజ్యకాలపు జనానికి సన్నిహితమని చూపింది. 2024లో నాలుగు శ్మశానాలకు చెందిన 424 మందిని పరిశీలించగా, రాకోత్సిఫల్వాలో ఒకే వంశం తొమ్మిది తరాల వరకు తేలింది. పురుషులు పుట్టిన చోటే ఉండగా స్త్రీలు బయటి నుంచి కోడళ్లుగా వచ్చారు. భర్త పోయిన స్త్రీ అతని దగ్గరి బంధువును తిరిగి పెళ్లాడిన సందర్భాలూ తేలాయి. ఇది అమూల్యమైన సమాచారం. అయితే తూర్పు నుంచి మనుషులు వచ్చారు కనుక అంకవన్నె కూడా అదే మూటలో వచ్చిందని తేల్చివేసే తొందర అప్పుడే కొన్ని రచనలలో కనిపిస్తోంది. ఎముకలోని వంశక్రమం కమ్మరి కొలిమికి వర్తించదు.

ఆ తూర్పు దిక్కు నుంచే వచ్చిన మరొక వార్త ఇంతకన్నా ఆలోచింపజేస్తుంది. మంగోలియా పశ్చిమాన ఉర్ద్ ఉలాన్ ఉనీత్ అనే గుహాసమాధిలో దొరికిన సుమారు నాలుగో శతాబ్దపు జీనును 2023లో పరిశోధకులు వివరించారు. కొయ్యమేకులతో కూర్చిన భూర్జవృక్షపు కొయ్య, దానిపై ఎరుపు నలుపు రంగుల జాడలు, తోలు వారులు పొడిగాలి వల్ల చెక్కుచెదరకుండా నిలిచాయి. హంగేరీ తడినేలలో అలాంటి జీను ఉన్నచోట మిగిలేది గుర్రం పక్కటెముకల పక్కన రెండు ఇనుప ముక్కలు, ఎప్పుడైనా కొన్ని ఎముక రేకులు. బరువును మోసిన కొయ్య, బిగించిన తోలు, మెత్తనిచ్చిన ఉన్నికంబళి అన్నీ మట్టిలో కలిసిపోయాయి. లిన్ వైట్ చెప్పిన ఈటె తాకిడికి రౌతును నిలబెట్టవలసినది ముందువెనుకల ఎత్తైన ఆ కొయ్య అంచులే.