రహెబోతుకు ముందున్న రెండు బావులు: ఆదికాండము 26పై మన ప్రసంగముల విమర్శ

ఆదికాండము 26:17-33 వాక్యభాగమును మన సంఘములలో తరచుగా ఇస్సాకు సాత్వికమునకు మాదిరిగా బోధించుదుము. గెరారు కాపరులు జగడమాడగా అతడు బావులను విడిచి వెళ్లెను గనుక, ప్రేమగలవాడు తన వాదము మానుకొనవలెనని ముగించుదుము. మేమును ఏండ్ల తరబడి అట్లే ప్రసంగించితిమి.

నందికొండలో ఈ వ్యాఖ్యానము నిలువదు. 2023 నవంబరు 30న కృష్ణా నీటి విషయమై సాగర్ ఆనకట్టపై ఇరు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచిరి. కుడి కాలువ క్రింది విశ్వాసియు ఎడమ కాలువ క్రింది విశ్వాసియు ఒకే ప్రభువు బల్లలో పాలివారు. వారిలో ఎవరిని మౌనముగా ఉండుమందుము? ఇస్సాకుకు మరొక చోటు దొరికెను. ఆయకట్టు రైతు పొలము విడిచి ఎక్కడికి పోవును?

వాక్యభాగమును పూర్తిగా చదివినయెడల, ఇస్సాకు జగడమును దాచలేదు. ఒక బావికి ఏశెకు, అనగా జగడము అనియు, మరియొకదానికి శిత్నా, అనగా విరోధము అనియు పేరు పెట్టెను. శిత్నా అను హెబ్రీ మాటకును సాతాను అను మాటకును ధాతువు ఒక్కటే. అబీమెలెకు వచ్చినప్పుడు తనకు జరిగినదానిని ముఖాముఖిగా అడిగెను. ఆ తరువాతనే విందు, ప్రమాణము. ఆ దినముననే నీళ్లు పడిన వార్త వచ్చెను.

కాబట్టి జగడమునకు పేరు పెట్టుటయు, జగడమాడినవానికి విందు చేయుటయు ఒకే మనుష్యుని పనులు. సంఘకాపరి రెండింటిని కలిపి బోధించవలెనని మా మనవి.