కొండవీటి నీడను చరిత్రపాఠము

2024-25 విద్యాసంవత్సరమునుండి ఆంధ్రప్రదేశమున పదవ తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి సాంఘికశాస్త్ర గ్రంథములు పాఠ్యములైనవి. చరిత్రగ్రంథపు మొదటి ప్రకరణము ఫ్రెంచి చిత్రకారుడగు ఫ్రెడెరిక్ సోర్యూ 1848లో రచించిన యొక చిత్రముతో నారంభమగును. ఐరోపా, అమెరికా జనులు బారులుదీరి స్వాతంత్ర్యదేవత ముందుగా నడచుచుందురు. ఆమె యొకచేత కాగడాయు, వేరొకచేత మానవహక్కుల పత్రమును దాల్చియుండును. నేలపై నిరంకుశాధికారపు చిహ్నములు పగిలి పడియుండును.

పల్నాటి బాలునకు సోర్యూతో నేమి పని యని కొందరు మిత్రు లాక్షేపించుచున్నారు. మేము దీని నంగీకరింపజాలము. గ్రంథముయొక్క గుణమంతయు నచ్చటనే యున్నది. ఇది యెవరి కల, చిత్రకారు డేమి కోరి యిట్లు వ్రాసెను అని బాలుడు చూచి, యోచించి చెప్పవలెనని దాని యుద్దేశము.

లోప మటుపిమ్మట వచ్చును. గైడు పుస్తకము ఆ ప్రశ్నకు నాలుగు వాక్యముల యుత్తరము నచ్చువేయును. బాలుడు చిత్రమును చూడడు, వాక్యములను వల్లించును. (వేదము వల్లించువాడైనను స్వరమునకు జాగ్రత్తపడును. వీని కదియు లేదు.) నూరు మార్కుల పత్రమున చరిత్రము, భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము ఇరుకుకొని కూర్చుండును. పదవ తరగతి దాటగనే తెలివిగలవాడని పేరొందినవాడు ఎం.పి.సి.కో బై.పి.సి.కో పోవును. చరిత్రము తక్కినవారి పాలబడును.

సోర్యూను చదువ నేర్పు పద్ధతినే కొండవీటికి తెచ్చి చూడుడు. రెడ్డిరాజులలో కడపటివాడైన రాచవేముడు పురిటి సుంకము విధించెననియు, అది సహింపక సవరము ఎల్లయ యతనిని పొడిచి చంపెననియు కొండవీటి దండకవిలె చెప్పును. ఇక శాసనములను చూడుడు. కొండకు సమీపమున నున్న ఫిరంగిపురములోని 1409 నాటి శాసనము, పెదకోమటి వేమారెడ్డి రాణియగు సూరాంబ సంతానసాగరమను చెరువు త్రవ్వించెనని చెప్పును. ఆ చెరువునకు నీరు తెచ్చుటకై రాజకుమారుడగు రాచవేముడు జగనొబ్బగండ కాలువను త్రవ్వించెనని 1415 ప్రాంతపు అమీనాబాదు శాసనము చెప్పును.

మనుష్యు డొక్కడే. కవిలెలో బాలింతరాలి నేడ్పించినవాడు, రాతిపై చెరువునకు నీరిచ్చినవాడు. శాసనము రాజకుటుంబపు టాజ్ఞపై పుట్టినది. తన్ను తాను నిందించుకొనుచు శాసనము చెక్కించిన ప్రభువును మే మెరుగము. కవిలెయో, రాజ్యము పోయిన చాలకాలమునకు వ్రాయబడినది. కథ నోట నోట పెరిగియుండవచ్చును. అయినను పన్ను చెల్లించినవాని కోపము రాతిపై దొరకదు, దొరకిన నిట్టి కథలలోనే దొరకవలెను. కాలువ త్రవ్వించినవాడే సుంకమును విధించి యుండరాదా? కాలువకు ధన మెక్కడిది? ఇట్లు ప్రశ్న ప్రశ్నను పుట్టించునప్పుడు గాని పదునైదేండ్ల బాలునకు సాక్ష్యమన నేమో తెలియదు. అది తెలిసినవాడు తన ఫోనులోనికి వచ్చిన వార్తను ఇతరులకు పంపుటకు ముందు, దీని నెవరు, ఎవరికొరకు వ్రాసిరని యడుగును.

ఫిరంగిపురము గుంటూరు–నరసరావుపేట మార్గముననే యున్నది. పిల్లలను గొనిపోయి చూపుటకు ఒక పూట చాలును. ఈ ప్రశ్న పరీక్షలో రాదు గదా యని తలిదండ్రు లందురు. నిజమే, రాదు. కావుననే గైడు వ్రాయువారు దీని కింకను జవాబు అచ్చువేయలేదు.